గీతలో లేని గది

సర్వేయరు ఎనిమిది గంటలకు వస్తానన్నాడు, నేను ఏడుకే వచ్చి కూర్చున్నాను, ఎందుకింత ముందే వచ్చావని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక మాట సిద్ధంగా పెట్టుకున్నాను, పొద్దుటి వెలుతురు బాగుంటుంది, వీధి బొమ్మ వేసుకుంటాను అని, వెలుతురట వెలుతురు, రాత్రంతా కునుకు పట్టక వచ్చాను, ఆ సంగతి ఎవరితో చెప్పను. అరవై రెండేళ్ళదానికి ఒక మడత స్టూలు, ఒళ్ళో అట్ట, చేతిలో పెన్ను, నెత్తిన కొంగు, పాలప్యాకెట్లకు పోయే ప్రతివాడూ ఒక నిమిషం ఆగి నా భుజం మీదుగా తొంగిచూసి, మా మేనల్లుడు గూడా బాగా ఏస్తాడమ్మా బొమ్మలు అని చెప్పి పోతున్నాడు, శ్రీకాళహస్తిలో ప్రతివాడికీ బొమ్మలు వేసే మేనల్లుడు ఒకడు ఉంటాడు, వాళ్ళంతా ఎక్కడ చచ్చారో, నలభై ఏళ్ళుగా వీధుల్లో కూర్చుని గీస్తున్నాను, ఒక్క మేనల్లుడూ నా పక్కన స్టూలు వేసుకున్న పాపాన పోలేదు. శకుంతల టీచరు కూసునిందంటే ఆ వీధి పుస్తకంలోకి ఎక్కినట్టేనబ్బా అని ఒకాయన పక్కవాడికి చెబుతూ పోయాడు, వినబడనట్టు తల వంచుకున్నాను, బాగానే వినబడింది.

ఎదురుగా వరదయ్య వాళ్ళ పాత మిద్దె, సున్నపు గోడలు, చెక్కుడు పని చేసిన పెద్ద వాకిలి, వాకిలికి అటొక చిలక ఇటొక చిలక, కానీ ఇక్కణ్ణించి ఆ వాకిలి కనబడదు, దానికి అడ్డంగా రేకుల గది ఉంది, పూత లేని ఇటుక గోడ, రేకులు గాలికి లేవకుండా పైన నాలుగు రాళ్ళు, రాళ్ళ పక్కన ఒక పాత టైరు, తలుపుకు ఎవరింట్లోనో మిగిలిన నీలం రంగు. ఆయిషా బీ జాకెట్లు కుట్టే గది అది, పగలు మిషను, రాత్రి పక్క, మొగుడు పోయాక వంట కూడా అందులోనే. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు, రంగులవీధిలో ఇటువైపు ఇళ్ళ ముందు భాగాలన్నిటికీ ఎర్ర గుర్తులు పెట్టిపోయారు, 2014కు ముందు నుంచీ ఉన్న కట్టడమైతే ఊరి బయట మారుస్థలం ఇస్తారట, ఆ తర్వాత వేసుకున్నదైతే ఆక్రమణ, పీకేస్తారు, చేతికి చిల్లిగవ్వ రాదు. ఆయిషా బీ గదికి కాగితం లేదు, ఆ జానెడు జాగా వరదయ్య తండ్రి నోటిమాటగా ఇచ్చింది, కరెంటు వరదయ్య మీటరు నుంచే, వీధిలో తక్కినవాళ్ళంతా వరదయ్య ఇళ్ళల్లో అద్దెకున్నవాళ్ళు, అడిగితే మాకేం తెలుసు సార్ మేమీ మధ్య వచ్చినాం అంటారు. ఇక మిగిలిన సాక్ష్యం ఒక్కటే, నా బొమ్మ, 2012 అని తేదీ వేసి సంతకం పెట్టిన నా బొమ్మ, అందులో ఆ గది లేదు. గది ఉన్నచోట ఖాళీ జాగా, సన్నజాజి తీగ. మీరు బొమ్మ వేసినప్పుడు ఆ గది ఉండిందా లేదా, వచ్చి ఒక్క మాట చెబితే చాలు మేడమ్ అని సర్వేయరు నిన్న ఫోను చేశాడు. ఉండింది. అదే జవాబు, మూడక్షరాలు, నోరు తెరిస్తే పని అయిపోతుంది.

నోరు తర్వాత, ముందు చెయ్యి, చెయ్యి దాని పని అది చేసుకుపోతోంది, ఎడమ వైపు మిద్దె చూరు అయింది, కరెంటు స్తంభం అయింది, స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ అయింది, కుక్క అయింది, గది దగ్గరికొచ్చేసరికి పెన్ను పక్కకు జరిగి కుడివైపు గోడ పట్టుకుంది, గది ఉన్నంత మేర కాగితం తెల్లగా ఉండిపోయింది. నేను పెన్సిలు వాడను, రబ్బరు వాడను, ఆ సంగతి నా పుస్తకానికి ముందుమాట రాసినాయన గొప్పగా రాశాడు, అది నా గొప్ప కాదు, మా నాయన కొట్టిన దెబ్బల గొప్ప. కలంకారీలో నల్ల గీత ఒకసారి పడిందంటే పడిందే, పాలల్లో కరక్కాయలో నాన్చి ఎండబెట్టిన గుడ్డ మీద కసిమి నలుపు తగిలిందంటే స్వర్ణముఖిలో నూరుసార్లు ఉతికినా పోదు, నాయన బొగ్గుతో గుర్తు కూడా పెట్టుకునేవాడు కాదు, నేరుగా కలం. ఆ కలం నాకు ఇవ్వలేదు. ముగ్గురు కొడుకులూ కలం పట్టి వంకర గీతలు గీసి గుడ్డలు తగలేస్తుంటే చూసి ఊరుకున్నవాడు, నేను తొమ్మిదో ఏట దొంగతనంగా ఒక హంసను గీస్తే, హంస బాగుంది, బాగుందని అతని మొహంలోనే కనబడింది, నా వేళ్ళ మీద కలం తిరగేసి నాలుగు తగిలించాడు, నీకెందుకు మే గీత, రంగు నింపుపో అన్నాడు. అప్పట్నుంచీ పెళ్ళయ్యేదాకా రంగులు నింపాను, వాళ్ళు గీసిన వంకర దేవుళ్ళకు పసుపు నింపాను, నీలం నింపాను, వంకరలు కనబడకుండా అంచుల్లో ఆకులు నింపాను.

నింపడం నాయన మతం అనుకోండి. గుడ్డ మీద బెత్తెడు చోటు ఖాళీగా కనబడితే ఆయనకు ఒళ్ళు మండేది, ఆడ తీగ ఎయ్ మే, ఖాళీ వదిల్తే సూసేవోడు నేరుగా ఆడనే సూస్తాడు అనేవాడు, పూవో తీగో చిలకో ఏదో ఒకటి పడాలి, తప్పు కప్పడానికైనా తీగే, చోటు మిగిలినా తీగే, నా చేతికి అన్నం కలుపుకోవడం ఎట్లాగో తీగ వేయడం అట్లాగ, ఆలోచన అక్కర్లేదు. కసిమికి తుప్పు ఇనుము కావాలి, బెల్లం నీళ్ళ కుండలో తుప్పు ఇనుము వేసి మూడు వారాలు మురగబెడితే నలుపు, ఆ తుప్పు తెచ్చిచ్చేవాడు పాత ఇనుము వలి బాషా, ఆయిషా బీ మొగుడు, సైకిలుకు రెండు వైపులా గోనెసంచులు, లోపల మేకులు, లాడాలు, తలుపు బందులు, నాయన ఒక్కొక్కటీ నాలుకకు తాకించి చూసి ఇది మంచి తుప్పుప్పా అనేవాడు, వలి బాషా పడీపడీ నవ్వేవాడు, మా ఇంట్లో బిర్యానీ తినవు కానీ మా మేకులు నాకుతావా సామీ అని. నాయన కూడా నవ్వేవాడు, కొడుకులతో నవ్వనివాడు, కూతురితో నవ్వనివాడు, పాత ఇనుము వాడితో నవ్వాడు. అది తలచుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది, చచ్చి ముప్పై ఏళ్ళయిన నాయన మీద కడుపుమంట ఏమిటో, ఉంది, ఏం చేయను.

కూతురు సబియాను బడిలో వేసిన ఏడు కట్టాడు ఆ గది వలి బాషా, 2006, నాకెట్లా తెలియదు, సబియాను బడిలో చేర్చిందే నేను, మా బడిలోనే, ఫారం నింపింది నేను, తండ్రి వృత్తి అనే చోట వ్యాపారం అని రాసింది నేను. నా జాకెట్లన్నీ ఆ గదిలోనే కుట్టించుకున్నాను, మా అమ్మాయి పవిత్ర ఓణీల నుంచి పెళ్ళి జాకెట్ల దాకా, కొలతలు తీస్తూ ఆయిషా బీ చంక కింద టేపు చుట్టి చక్కిలిగిలి పెట్టేది, టీచరమ్మా లావైనావు అని వీధికంతా వినబడేట్టు అరిచేది, నోరు మూసుకోవే అంటే ఇంకా గట్టిగా అరిచేది. గోడకు మేకులు, మేకులకు సగం కుట్టిన చేతులు వేలాడేవి, ఫ్యాను తిరిగితే అన్నీ ఊగేవి, నూనె వాసన, కొత్త గుడ్డ వాసన, కాలి కింద దారం ముక్కలు. ఇంత తెలుసు నాకు ఆ గది గురించి, మునిసిపల్ ఆఫీసులో ఒక్కరికి కూడా ఇందులో వీసం తెలియదు, వాళ్ళ దగ్గర ఉన్నది నా బొమ్మ ఒక్కటే.

ఆ బొమ్మ వేసిన ఆదివారం కూడా ఇట్లాంటి వెలుతురే, చలికాలం, ఎండ పక్కగా పడి మిద్దె గోడ మీద చూరు నీడ బారుగా వచ్చింది, ఇదే చోట స్టూలు వేశాను, ఆ వాకిలి కోసం వచ్చాను, చిలకల వాకిలి, ఊళ్ళో అట్లాంటిది ఇంకొకటి లేదు, దాని ముందు ఈ దరిద్రపు రేకులు, టైరు. పక్కకు జరిగి చూశాను, కుదరలేదు, స్తంభం అడ్డం వచ్చింది. అప్పుడు గదిలోకి పోయి నిలబడి, వెనక కిటికీలోంచి వాకిలిని తనివితీరా చూసి, మనసులో పెట్టుకుని, వచ్చి కూర్చుని, గది లేనట్టే గీసేశాను. తప్పేముంది అందులో, బొమ్మలు వేసేవాళ్ళందరూ చేసేదే, చెత్తకుండీ వదిలేస్తాం, మోటారు సైకిలు వదిలేస్తాం, డిష్ యాంటెనా వదిలేస్తాం, నేను ఒక గది వదిలేశాను. వదిలేశాక ముందు చోటంతా ఖాళీ, బోడిగా ఉంది, చెయ్యి దానంతటదే తీగ మొదలుపెట్టింది, సన్నజాజి, మిద్దె మూల నుంచి పందిరి మీదికి, పందిరి కూడా లేదు అక్కడ, పందిరి వేశాను, తీగ పాకించాను, కింద నాలుగు రాలిన పూలు. ఆ పూలు చుక్కలు పెడుతున్నప్పుడు ఆయిషా బీ గదిలోంచి గ్లాసులో టీ తెచ్చి నా పక్కన పెట్టింది, బొమ్మ వైపు చూసి, బలే ఉండాది టీచరమ్మా, పెండ్లి పందిరి మాదిరి ఉండాది అని పోయింది. తన గది ఏదని అడగలేదు. నేను ఆమె టీ తాగాను, చక్కెర ఎక్కువైంది కూడా అన్నాను, మధ్యాహ్నం గ్లాసు తిరిగిచ్చి వచ్చాను, అదే ఆఖరు, మళ్ళీ ఆ గదిలో కాలు పెట్టలేదు, పదమూడేళ్ళు. ఎందుకని అడిగితే కొత్త కాలనీకి మారిపోయామనీ, అక్కడే బొటీక్ ఉందనీ చెప్పేదాన్ని, అసలు సంగతి ఆ గోడలు నన్ను చూస్తున్నట్టుండేది, సిగ్గేసేది.

సిగ్గు ఉంటే పుస్తకం వేసుకోకూడదు. నలభై బొమ్మలు, మా వీధులు అని పేరు, మొదటి పుటలో నా చేత్తో రాశాను, ఉన్నది ఉన్నట్టు గీశాను, ఒక గీత చేర్చలేదు, ఒక గీత తీయలేదు. రాస్తున్నప్పుడు ఈ బొమ్మ గుర్తుకొచ్చింది, రాకుండా ఎట్లా ఉంటుంది, అయినా రాశాను, ఆ వాక్యం అంత అందంగా కుదిరింది. తిరుపతిలో హాలు పెట్టి బొమ్మలు తగిలిస్తే జనం అన్నిటికన్నా ఈ బొమ్మ ముందే నిలబడ్డారు, చిలకల వాకిలి, జాజి తీగ, ఎవరో పెద్దాయన కళ్ళద్దాలు తుడుచుకుని, ఆ తీగ ఇంకా ఉందా అమ్మా అని అడిగాడు, ఎండిపోయిందండీ అన్నాను, ఎంత బాధగా అన్నానంటే ఆయన అయ్యో అయ్యో అని నా చేతులు పట్టుకున్నాడు. నాయన కలం ఇవ్వని చేతులు. శాలువా కప్పారు, ముగ్గురు అన్నలూ ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు, వాళ్ళ మొహాలు చూడాలి, ఆ గంట కోసం ఇంకో పది గదులైనా తీసేసి ఉందును. వచ్చే నెల మళ్ళీ పెద్ద ప్రదర్శన, ఆహ్వానపత్రం మీద అచ్చువేస్తున్నది ఈ బొమ్మే.

నీలం తలుపు తెరుచుకుంది, ఆయిషా బీ బయటికి వచ్చింది, బాగా వంగిపోయింది, వంగినా నడక మాత్రం అదే, కోడిపిల్లల్ని తరుముతున్నట్టు, నేరుగా నా దగ్గరికే వచ్చి రోడ్డు మీద చతికిలబడింది, నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఇంత పొద్దున్నే వచ్చినావా టీచరమ్మా, నా కోసరం. నిన్న ఆ సారుకు నేనే చెప్పినా, వరదయ్య ఏమన్నా చెప్పుకోనీ, మా టీచరమ్మను అడగండి, ఆమె నోట అబద్ధం రాదని. మా సబియాను బడిలో ఏసింది ఆమెనే, గది యా సంవత్సరం కట్టినామో ఆమెకు బాగా తెలుసునని."

"ఊ" అన్నాను.

"ఆ జాగా వస్తే చాలు నాకు. చిన్నదైనా సరే. మిషను పెట్టుకునేదానికి చోటుంటే నా గంజి నేను తాగుతా. సబియా రమ్మంటాది మద్రాసుకి, ఆడ వాళ్ళుండేదే ఒక గది, నేను యాడ పడుకోను? అల్లుడి కాళ్ళకాడనా?" అంది, అని తనే నవ్వింది. "టీ తెస్తానుండు."

"వద్దు ఆయిషా, తాగి వచ్చాను" అన్నాను, తాగలేదు, పొద్దున్నుంచీ మంచినీళ్ళు కూడా దిగలేదు. ఆమె నా ఒళ్ళోని కాగితం వైపు చూసింది, తెల్లగా ఉన్న చోటు చూసింది, "మా గది ఇంకా ఎయ్యలేదా? సరే సరే, నిదానంగా ఎయ్యి" అని లేచి పోయింది, నా మోకాలి మీద ఆమె చెయ్యి ఉన్నచోట చీర నలిగి ఉంది, సర్దుకున్నాను.

వరదయ్య కూడా నా కోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు, ఆమె ఇటు తలుపు వేయగానే అటు నుంచి పంచె ఎగ్గట్టుకుని వచ్చాడు, దండం పెట్టాడు, వరదయ్య మర్యాదస్తుడు, ఆ గది పోతే అతని మిద్దెకు నేరుగా పెద్ద రోడ్డు మొహం వస్తుంది, కింద నాలుగు అంగళ్ళు తీయిస్తాడట, అంతకన్నా అతనికి ఆమె మీద పగేమీ లేదు. "మీ పుస్తకం నేనే తీసకపోయి ఆఫీసులో ఇచ్చినానమ్మా, ఎంత సంతోసపడినారో. మా ఇల్లు పుస్తకంలోకి ఎక్కించినారు మీరు, ఆ రుణం యాడ తీర్చుకునేది" అన్నాడు. వరదయ్యా, నీకూ తెలుసు నాకూ తెలుసు అన్నాను, అనేశాను. అతను అటూ ఇటూ చూసి నా పక్కన వంగాడు, "తెలుసమ్మా, తెలవకేం. కానీ ఒకటి ఆలోచించండి. ఈ ఒక్క బొమ్మ అబద్ధమని మీ నోటితో మీరే ఆఫీసులో రాసిస్తే, తక్కిన ముప్పైతొమ్మిదీ ఎవురు నమ్ముతారు?" అన్నాడు. చాలా మెత్తగా అన్నాడు, నా మేలు కోరేవాడి లాగా అన్నాడు, అని, ఎండ ఎక్కతా ఉండాది గొడుగు పంపిస్తానుండండి అని వెళ్ళిపోయాడు.

ఎవరు నమ్ముతారు, ఎవరూ నమ్మరు, అన్నలు ముందు నమ్మరు, పెద్దన్న అంటాడు, దానికి గీత యాడొచ్చు, నింపడం వచ్చు, నింపింది అంటాడు, వాడు అనకముందే నాకు వినబడుతోంది. ప్రదర్శన ఆగిపోతుంది, పేపర్లో రాస్తారు, ఉన్నది ఉన్నట్టు గీసే టీచరమ్మ లేని తీగ వేసిందట అని, నవ్వుతారు, తిరుపతి పెద్దాయన మళ్ళీ కళ్ళద్దాలు తుడుచుకుంటాడు, ఎండిపోయిందండీ అన్నానే, అంత బాధగా అన్నానే. ఒక రేకుల గది కోసం. ఏముంది ఆ గదిలో, ఒక మిషను, ఒక చాప, మళ్ళీ ఎక్కడైనా వేసుకోవచ్చు, కూతురు రమ్మంటోంది కదా పోవచ్చు కదా, మొండితనం కాకపోతే, ఈ వయసులో జాకెట్లు ఎవరు కుట్టమన్నారు, కళ్ళు కనబడక కుట్లు వంకర పోతాయని పవిత్ర కూడా అంది. ఛీ, ఎంత మాట అనుకున్నాను, ఛీ. ఉండింది సార్, నేనే వదిలేశాను సార్, వాకిలి కోసం వదిలేశాను, ఇట్లా చెప్పాలి, ఇంతే, వల్లెవేసుకుంటే వస్తుంది, పిల్లలతో ఎన్ని వల్లె వేయించాను, ఉండింది సార్ నేనే వదిలేశాను. పెన్ను కదలడం లేదు. తెల్లచోటు చుట్టూ అన్నీ అయిపోయాయి, ఇక గీయడానికి గది తప్ప ఏమీ మిగల్లేదు, ఒక్క నిలువు గీత వేస్తే గోడ నిలబడుతుంది, చెయ్యి రావడం లేదు, ఎండ రేకుల మీదికి వచ్చింది, ఆ మెరుపులో గది అంచులు కరిగి వెనక మిద్దె చూరు ఒక్కటే స్పష్టంగా కనబడింది, అప్పుడు వచ్చింది ఆ ఊహ, పిలవకుండా వచ్చింది, దేవుడి సాక్షిగా నేను పిలవలేదు, ఈ గది పోతే నా బొమ్మ నిజమైపోతుంది. రేపు ఎవరొచ్చి ఇక్కడ నిలబడినా చిలకల వాకిలే కనబడుతుంది, నేను వేసిందే కనబడుతుంది, అప్పుడిక ఎవరు ఏం అడుగుతారు. ఆ ఊహ వచ్చాక ప్రాణం హాయిగా ఉంది, అది చెప్పడానికే నాకు భయంగా ఉంది, నిజంగా హాయిగా ఉంది, దాహం కూడా వేసింది.

ఎనిమిదింపావుకు వచ్చాడు సర్వేయరు, భానుచందర్ అని పేరు, కుర్రవాడు, చేతిలో టేపు, చంకలో ఫైలు, నన్ను చూడగానే నమస్తే మేడమ్ మీ పుస్తకం చూశాను అన్నాడు, వీళ్ళంతా ఇదే మాట. ముందు గది కొలవడానికి లోపలికి పోతూ తలుపు దగ్గర కాలు తట్టుకుని బోర్లా పడబోయి తలుపు పట్టుకున్నాడు, "ఏందిమా ఇది, ఇంత ఎత్తు గడప?" అని కాలి బొటనవేలు పట్టుకుని గెంతాడు. "సూసుకోవాల సార్, పాత ఇనుప దూలం అది, గది కట్టినపొద్దే మా ఆయన ఏసినాడు, వానొస్తే కాలవ నీళ్ళు లోపలికి రాకుండా. కొత్తోళ్ళంతా తట్టుకుంటారు" అంది ఆయిషా బీ, పసుపు తెస్తానని పరుగు తీసింది, వద్దన్నాడు. కొలిచాడు, రాసుకున్నాడు, కుంటుకుంటూ బయటికి వచ్చి నా ముందు నిలబడ్డాడు, ఒక పక్క ఆయిషా బీ, ఒక పక్క వరదయ్య, వరదయ్య చేతిలో గొడుగు, నా నెత్తిన పట్టాడు.

"మేడమ్, 2012లో మీరు ఈ బొమ్మ వేసినప్పుడు ఈ గది ఉండిందా?"

ఉండింది అనడానికే నోరు తెరిచాను, అది నేను ఎక్కడైనా చెబుతాను, తెరిచాను, ఆయిషా బీ నా వైపు చూస్తోంది, అడక్కముందే గెలిచినట్టు చూస్తోంది, ఆ నమ్మకం చూస్తే నాకు కృతజ్ఞత రావాలి, కోపం వచ్చింది, నన్ను అడిగి పెట్టావా నా మీద ఈ నమ్మకం, నా నోట అబద్ధం రాదని నీకెవరు చెప్పారు.

"నేను ఉన్నదే గీస్తాను" అన్నాను.

"అంటే లేదంటారు."

"బొమ్మలో ఉంటే ఉన్నట్టు. లేకపోతే లేనట్టు."

అతను రాసుకున్నాడు, నా సంతకం తీసుకున్నాడు, బొమ్మ కింద పెట్టే సంతకమే పెట్టాను, శ మీద చిన్న తీగ వస్తుంది. ఆయిషా బీ ఏడవలేదు, తిట్టలేదు, తిట్టి ఉంటే బాగుండేది, నేను తిరిగి తిట్టేదాన్ని. "ఆమె అట్ల చెప్పిందంటే అట్లనే అయ్యుంటాది సార్" అంది, చాలా మెల్లగా. "నాకు సంవత్సరాలు గుర్తుండవు. సదువుకోనిదాన్ని. నేనే తప్పు చెప్పినానేమో." వరదయ్య గొడుగు పట్టుకున్న చెయ్యి కూడా ఒకసారి కదిలింది, ఎండ నా కళ్ళల్లో పడింది. కాగితం మీద ఆమె చేత కూడా ఉర్దూలో సంతకం పెట్టించుకున్నాడు, వారంలో ఖాళీ చేయాలన్నాడు, వారమెందుకు సార్, ఉండేది ఒక మిషనే కదా, ఈ పొద్దే తీస్తాలే, వరదయ్య వసారాలో పెట్టుకుంటా ఆయప్ప ఒప్పుకుంటే అంది. వరదయ్య ఒప్పుకున్నాడు, మర్యాదస్తుడు. సర్వేయరు బండి ఎక్కి పోయాడు, వరదయ్య వసారాలో చోటు చేయడానికి పోయాడు.

నేను అట్ట మూసి, స్టూలు మడిచి, పోదామని లేచాను, ఆటో ఎక్కేస్తే అయిపోతుంది, ఇంటికి పోయి తల స్నానం చేసి పడుకుంటాను అనుకున్నాను. "టీచరమ్మా" అని పిలిచింది ఆయిషా బీ లోపల నుంచి, "మిషను నా ఒక్కదానివల్ల అయ్యేది కాదు, ఆ పక్క రవ్వంత పట్టుకోవా" అని. నడుము నొప్పి అనొచ్చు, వరదయ్యను పిలవమనొచ్చు, నోట్లో అన్నీ ఉన్నాయి, కానీ వేగంగా ముగించేసి వెళ్ళిపోతే మంచిదనిపించింది, స్టూలు, అట్ట అక్కడే పెట్టి గబగబా పోయాను, ఎండలోంచి పోయేసరికి లోపల చీకటి, ఏమీ కనబడలేదు, నూనె వాసన, కొత్త గుడ్డ వాసన, మిషను ఎక్కడుంటుందో వెతుక్కోనక్కర్లేదు, ఎడమ చేతి వైపు, కిటికీ కింద, అక్కడికే పోయి రెండో పక్క పట్టుకుని నిలబడ్డాను. ఆయిషా బీ తన పక్క పట్టుకోలేదు. మిషను మీద చేతులు ఆనించి నా కాళ్ళ వైపు చూస్తోంది, తర్వాత తలుపు వైపు చూసింది, మళ్ళీ నా కాళ్ళ వైపు చూసింది.

"సార్ తట్టుకున్నాడు" అంది. "నువ్వు తట్టుకోలేదే."

పదమూడేళ్ళుగా రాలేదు నేను, ఇద్దరికీ తెలుసు, ఆ దూలం అంతకుముందే నా కాలికి తెలిసి ఉండాలి. ఫ్యాను తిరుగుతోంది, గోడకు సగం కుట్టిన చేతులు ఊగుతున్నాయి. ఆమె వంగి తన పక్క పట్టుకుంది.

"ఎత్తు" అంది. ఎత్తాను.